సమరయుడంటే ఎవరు?

అరకులోయలో శ్రావణమాసపు మధ్యాహ్నం ఎట్లా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. తరగతి కిటికీలోంచి మబ్బు నెమ్మదిగా లోపలికి వస్తుంది. వెనక బెంచీల్లో కూర్చున్న పిల్లల ముఖాలు కాసేపు కనపడవు. అటువంటి మధ్యాహ్నం ఒకనాడు తెలుగు వచనం పుట్టుపూర్వోత్తరాలు పాఠం చెబుతున్నాను.

లండన్ మిషనరీ సంఘం పక్షాన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు దొరలు 1805లో విశాఖపట్టణం చేరారనీ, ఆనందరాయరనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో సువార్తలను తెనిగించే పని పెట్టుకున్నారనీ, 1809లో ఒకరూ 1810లో మరొకరూ ఇక్కడే కన్నుమూశారనీ, మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురం అచ్చుకూటంలో తెలుగులో అచ్చయినాయనీ చెప్పాను. "మంచి సమరయుని కథ ఉన్నది లూకాలోనే గనక, ఆ కథ తెలుగులో అచ్చుకెక్కడం మన విశాఖ పుణ్యమే" అని ఒక ముక్క తగిలించాను.

మబ్బులోంచి ఒక గొంతు వచ్చింది. "మాస్టారూ, సమరమంటే యుద్ధం గదండీ. మరి ఆ కథలో కొట్టినవాళ్లు దొంగలు. కట్టుకట్టినవాడు ఇంకొకడు. కట్టుకట్టినవాడికి యుద్ధం చేసేవాడని పేరెందుకు పెట్టారండీ?"

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నాను గాని, నిజం చెప్పాలంటే ఆ నిమిషాన నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎం.ఏ. చదివినవాణ్ణి, తెలుగు మాటల కూపీ లాగడం వృత్తిగా పెట్టుకున్నవాణ్ణి. ఊరూరా అందరూ అనే ఆ మాట ఎవరిదో, ఆ మనుషులెవరో ఎన్నడూ విచారించలేదు. ఆ సాయంత్రం మొదలుపెట్టి కొన్నాళ్లు అదే పనిగా చదివాను. చదివినకొద్దీ తెలిసింది, ఆ కుర్రవాడి ప్రశ్నలో పొరపాటున్నా దాని అడుగున పెద్ద యుద్ధమే ఉన్నదని.

పేరులోనే పేచీ

ముందు మాట సంగతి. సంస్కృతంలోని సమరానికీ సమరయకూ చుట్టరికం లేదు. క్రీస్తుకు పూర్వం తొమ్మిదో శతాబ్దంలో ఒమ్రీ అనే ఇస్రాయేలు రాజు షెమెరు అనే ఆసామి దగ్గర ఒక కొండ కొని, దానిమీద రాజధాని కట్టి, అమ్మినవాడి పేరు కలిసివచ్చేట్టు షోమ్రోను అని పిలిచాడని బైబిలు చెబుతుంది. గ్రీకుల నోట అది సమారియా అయింది. తెలుగులోకి వచ్చేసరికి సమరయ అయింది. ఆ సీమవాళ్లు సమరయులు.

ఐతే ఇది ఇతరులు పిలిచే పేరు. వాళ్లు తమను తాము షామెరీం అని చెప్పుకుంటారు. "కాపాడేవాళ్లు" అని అర్థం. మోషే ధర్మశాస్త్రాన్ని చెక్కుచెదరకుండా కాపాడుతున్నవాళ్లం మేము అని వాళ్ల మాట. గ్రీసు దగ్గరి డెలోస్ ద్వీపంలో 1979లో రెండు రాతిశాసనాలు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వం సముద్రం దాటి వెళ్లి అక్కడ కాపురమున్న సమరయులు వేయించినవి. వాటిలో వాళ్లు తమను గెరిజీము కొండకు కానుకలు పంపే ఇస్రాయేలీయులమని చెప్పుకున్నారు. యూదులు మాత్రం వాళ్లను కూతీయులు అనేవాళ్లు. కూతా అనే దూరదేశపు పట్టణం నుంచి తెచ్చి దింపిన పరాయి సంతతి అని ఆ పిలుపులో దెప్పిపొడుపు.

ఒకే జనానికి మూడు పేర్లు. తాము పెట్టుకున్నది ఒకటి, పొరుగువాడు తిట్టుగా పెట్టింది ఒకటి, లోకం వాడుకునేది ఒకటి. ఈ కొండల్లో ఉద్యోగం చేసేవాళ్లకు ఇది వింతగా తోచదు. మనం పుస్తకాల్లో ఖోందులని రాసేవాళ్లలో కువి భాష మాట్లాడేవాళ్లు తమను కువింగ అని చెప్పుకుంటారు. కింద మైదానంలో ఇవేమీ అక్కరలేదు. అందరూ కలిసి "కొండవాళ్లు".

రెండు కొండలు, ఒకే గ్రంథం

ఇంతకీ యూదులకూ సమరయులకూ తగువెక్కడ వచ్చింది? ఇద్దరికీ దేవుడొక్కడే. మోషే ప్రవక్త ఇద్దరికీ గురువు. సున్నతి, విశ్రాంతిదినం, పస్కా పండుగ ఇద్దరికీ ఉన్నాయి. తగువు కొండ దగ్గర వచ్చింది.

దేవుడు తన ఆరాధన కోసం ఎన్నుకున్న స్థలం యెరూషలేము అని యూదులన్నారు. కాదు, షెకెము పట్టణం పక్కనున్న గెరిజీము అని సమరయులన్నారు. ఆ కొండ మన అరకులోయకు ఇంచుమించు సమానమైన ఎత్తు. సముద్రమట్టం మీద 2,900 అడుగుల దాకా ఉంటుంది. ఎదురుగా ఏబాలు అనే మరో కొండ. ఇశ్రాయేలీయులు బలిపీఠం కట్టవలసినది ఏ కొండమీద అన్నచోట యూదుల ప్రతిలో ఏబాలు అని ఉంటే, సమరయుల ప్రతిలో గెరిజీము అని ఉంటుంది. రెండు ప్రతులకూ మొత్తం మీద సుమారు 6,000 భేదాలు లెక్కకట్టారు. వాటిలో చాలామటుకు మనం వ్రాతప్రతుల్లో చూసే గుడి, దీర్ఘం, విరామం వంటివే. తలలు పగిలింది మాత్రం ఆ కొండ పేరు దగ్గర.

క్రీస్తుకు పూర్వం 722 ప్రాంతాన అష్షూరు రాజులు ఉత్తర ఇస్రాయేలును జయించి జనాన్ని చెరపట్టుకుపోయారు. 27,290 మందిని పట్టుకుపోయినట్టు సర్గోను రాజు శాసనం వేయించుకున్నాడు. ఖాళీ అయిన నేలమీద వేరే దేశాలవాళ్లను తెచ్చి పెట్టారనీ, సమరయులు వాళ్ల బిడ్డలేననీ యూదుల వాదం. మేము పోకుండా మిగిలిన అసలు గోత్రాలవాళ్లమేనని సమరయుల వాదం. 2004లో అచ్చయిన ఒక జన్యుపరిశోధనలో, తండ్రుల వరసన చూస్తే సమరయుల వంశాలు యూదుల వంశాలకు దగ్గరవేనని తేలింది. రెండు వేల ఏళ్లు పరాయివాడని తిట్టుకున్నది దాయాదినే అన్నమాట.

గెరిజీము మీద గుడి ఉండేది. 1982 నుంచి యిట్జాక్ మాగెన్ నాయకత్వాన జరిగిన తవ్వకాల్లో దాని పునాదులూ, వందల కొద్దీ శాసనాల ముక్కలూ దొరికాయి. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దం నాటికే అక్కడ ఆరాధన సాగింది. క్రీ.పూ. 110 ప్రాంతాన యూదుల పాలకుడు యోహాను హిర్కానసు దండెత్తి వచ్చి ఆ గుడిని నేలమట్టం చేశాడు. బాకీ మిగిలిపోయింది. క్రీస్తు పుట్టిన కొద్దికాలానికి కొందరు సమరయులు పండుగ రాత్రి యెరూషలేము ఆలయంలో చొరబడి మనుషుల ఎముకలు చల్లి మైలపరిచారని యూదు చరిత్రకారుడు జోసీఫసు రాశాడు. క్రీ.శ. 50 ప్రాంతాన సమరయ మీదుగా యాత్రకు పోతున్న గలిలయవాళ్లను చంపారు. దానికి బదులుగా సమరయుల ఊళ్లు తగలబెట్టారు.

మంచి సమరయుని కథను వినిపించింది ఇటువంటి రోజుల్లో. మనం దాన్ని దయగల బాటసారి కథగా విని తలలూపుతాము. అప్పటి శ్రోతలు తలలూపి ఉండరు.

నీళ్ల సంగతి

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు.

ఈ ప్రశ్నకు ముందు సంవత్సరం, పిల్లలతో కలిసి ఒక కొండవూరికి పాటలూ సామెతలూ సేకరించడానికి వెళ్లాను. రోడ్డు దిగి రెండు గంటలు నడక. ఆ ఊళ్లో ఒక విద్యార్థి ఇల్లు. వాడి నాయనమ్మ గెడ్డ నుంచి తెచ్చిన నీళ్లు ఆనపకాయ బుర్రతో తెచ్చి నా ముందు పెట్టింది. నాకు గొంతు ఎండిపోతున్నది. అయినా, "వద్దమ్మా, దాహంగా లేదు" అన్నాను. కొంచెం సేపయ్యాక పక్కకు తిరిగి, నా సంచిలోని సీసా తీసి తాగాను.

కొండనీళ్లు తాగితే మన్యం జ్వరం వస్తుందని మా పెద్దలు భయపెట్టేవాళ్లు. ఆ చలిజ్వరం వచ్చేది దోమ వల్ల గాని నీళ్ల వల్ల కాదని స్కూలు పిల్లలకు గూడా తెలుసు. పచ్చినీళ్లు ఒంటికి మంచివి కావని మరొక సాకు చెప్పుకోవచ్చు. నిజానికి ఆ ఊరికి వెళ్లే దారిలో, టీకొట్టు దగ్గర, కడవలోని పచ్చినీళ్లు రెండు గ్లాసులు తాగినవాణ్ణే నేను. ఆ సాకు ఎంతవరకు సాకో నాకు తెలుసు. ఆ కుర్రవాడు చూశాడు, ఏమీ అనలేదు. తరగతిలో మబ్బులోంచి వచ్చిన గొంతు వాడిదే.

యోహాను సువార్తలో ఒక బావి కథ ఉన్నది. యేసు యూదయ నుంచి గలిలయకు పోతూ సమరయలో సుఖారు అనే ఊరి దగ్గర ఆగాడు. మిట్టమధ్యాహ్నం. యాకోబు తవ్వించాడని చెప్పుకునే బావి పక్కన అలసి కూలబడ్డాడు. చేద లేదు. నీళ్లకు వచ్చిన ఒక సమరయ స్త్రీని దాహమడిగాడు. ఆవిడ నీళ్లు పొయ్యలేదు, తెల్లబోయింది. యూదుడివి, నన్ను నీళ్లడగడమేమిటని ఎదురు ప్రశ్న వేసింది. వాళ్ల పాత్రలో వీళ్లు తాగరు. అదీ అప్పటి ఆచారం.

తెలుగుదేశంలో పుట్టిన మనకు ఈ ఘట్టానికి వ్యాఖ్యానం అక్కరలేదు. బావి దగ్గర ఎవరు చేద వెయ్యాలి, ఎవరు ఎడంగా నిలబడి దోసిలి పట్టాలి అన్న లెక్క మన తాతముత్తాతలకు కంఠతా వచ్చు.

ఆ స్త్రీ నోరుగలది. నీళ్ల సంగతి నుంచి సూటిగా కొండల తగువులోకి దిగింది. మా పెద్దలు ఈ కొండమీద కొలిచారు, మీరేమో యెరూషలేమంటారు, ఏది నిజం అని అడిగింది. రాబోయే కాలంలో ఈ కొండా కాదు, ఆ పట్టణమూ కాదు, మనసులోని సత్యంతో కొలవడమే నిజమైన కొలుపు అని ఆయన జవాబు. ఆ సువార్త పుస్తకరూపం దాల్చేనాటికి యెరూషలేము ఆలయాన్ని గూడా క్రీ.శ. 70లో రోమనులు కాల్చివేశారని పండితులు చెబుతారు. గెరిజీము గుడి అంతకు ముందే పోయింది. చదువుతున్నవాళ్ల కళ్లముందు రెండు కొండలమీదా గుడి లేదు. ఆ జవాబు వాళ్లకు ఎట్లా వినిపించి ఉంటుందో ఊహించండి.

సమరయులు గూడా ఒక రక్షకుని కోసం ఎదురుచూసేవాళ్లే. తాహెబ్ అంటారు, పోయినదాన్ని తిరిగి తెచ్చేవాడు, మోషే వంటి ప్రవక్త. అందుకే ఆ స్త్రీ కడవ అక్కడే వదిలి ఊళ్లోకి పరుగెత్తింది. ఊరు ఊరంతా వచ్చి ఆయనను ఉండమన్నారు. ఆయన రెండు రోజులున్నాడు.

చిత్రమేమిటంటే, ఆయన అడిగిన ఆ నీళ్లు తాగినట్టు కథలో ఎక్కడా లేదు. కాని రెండు రోజులు ఆ ఊళ్లో ఉన్నవాడు వాళ్ల ముంతలో తాగకుండా, వాళ్లింట తినకుండా ఉన్నాడా?

ఘాటీ రోడ్డు మీద ఒక మనిషి

ఇప్పుడు లూకా కథకు వద్దాం. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారి మన అనంతగిరి ఘాటీ వంటిది. పాతిక కిలోమీటర్లకు కాస్త పైచిలుకు దూరంలో 3,000 అడుగులకు మించి దిగిపోతుంది. రాళ్లు, మలుపులు, దొంగలు. ఒక మనిషిని కొట్టి, దోచుకుని, కొనప్రాణంతో వదిలిపోయారు. యాజకుడొకడు చూసి తప్పుకుపోయాడు. గుడిలో పరిచర్య చేసే లేవీయుడొకడు చూసి తప్పుకుపోయాడు.

మన కథల్లో రాజుగారి పెద్దకొడుకు ఓడి, నడిమివాడు ఓడితే, గెలవబోయేది చిన్నవాడని చంటిపిల్లలకు గూడా తెలుస్తుంది. యూదుల కథల్లోనూ అట్లాంటి వరస ఉన్నది: యాజకుడు, లేవీయుడు, ఆ తరువాత మామూలు ఇస్రాయేలీయుడు. మూడోవాడుగా తమవంటి సామాన్యుడు వస్తాడనీ, పెద్దలు చెయ్యని పని తాము చేస్తామనీ శ్రోతలు సంతోషించడానికి సిద్ధంగా ఉన్నారు. వచ్చినవాడు కూతీయుడు.

వాడు గాయాలమీద నూనే ద్రాక్షారసమూ పోసి కట్టాడు. తన పశువు మీద ఎక్కించి సత్రానికి చేర్చాడు. రెండు దేనారములు సత్రంవాడి చేతిలో పెట్టాడు. దేనారమంటే ఆనాటి ఒక రోజు కూలి. తక్కువపడితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు.

ఈ కథలో వాణ్ణి ఎక్కడా మంచి సమరయుడని అనలేదు. మంచి అన్న విశేషణం తరువాతివాళ్లు చేర్చింది. "మంచి కొండవాడు" అని మనమంటే అందులో ఎంత మెచ్చుకోలు ఉన్నదో, మిగిలినవాళ్లను గురించి ఏమి ఒప్పుకుంటున్నామో చూడండి. పొరుగువాడెవడని ధర్మశాస్త్ర పండితుడు వేసిన ప్రశ్నకు ఈ కథ జవాబు. చివర ఎదురుప్రశ్న వేస్తే, సమరయుడన్న మాట పలకడానికి ఆ పండితునికి నోరు రాలేదు. దయ చూపినవాడే అని ఊరుకున్నాడు.

మన దేశంలో రోడ్డు ప్రమాదంలో పడ్డవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాళ్లను పోలీసులూ కోర్టులూ వేధించగూడదని సుప్రీంకోర్టు 2016 మార్చిలో మార్గదర్శకాలకు ఆమోదముద్ర వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఎ అనే సెక్షను చేర్చారు. ఆ సెక్షనులో సాయం చేసినవానికి పెట్టిన పేరు గుడ్ సమారిటన్. అంత దూరపు కొండజాతి పేరు మన శాసనంలోకి వచ్చి కూర్చున్నది. రోడ్డులేని మా మన్యపు ఊళ్లలో మాత్రం ఆ చట్టం రాకముందు నుంచే, నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీ కట్టి కిలోమీటర్ల కొద్దీ మోసుకొచ్చే మనుషులున్నారు. వాళ్లకు ఏ భాషలోనూ పేరు పెట్టలేదు.

నిప్పు అడిగినవాడే చేతులుంచాడు

తొలినాటి క్రైస్తవులు సమరయులను ఏమి చేశారన్నది అసలు ప్రశ్న. నాలుగు సువార్తలూ ఒకే మాట మీద లేవు. మార్కు వాళ్ల ఊసే ఎత్తలేదు. మత్తయిలో, శిష్యులను ప్రచారానికి పంపేటప్పుడు సమరయుల ఊళ్లలోకి పోవద్దని యేసు చెప్పినట్టున్నది. లూకా, యోహాను వాళ్లను దగ్గరకు తీశారు. అంటే ఈ విషయమై తొలి సంఘంలోనే తర్జనభర్జన జరిగిందన్నమాట.

లూకాలోనే మరొక ఘట్టముంది. యెరూషలేముకు పోతున్నాడని తెలిసి ఒక సమరయ గ్రామం యేసుకు బస ఇవ్వలేదు. యాకోబు, యోహాను అనే అన్నదమ్ములకు కోపం వచ్చింది. ఆకాశం నుంచి నిప్పు రప్పించి ఊరిని కాల్చమంటావా అని అడిగారు. ఆయన వాళ్లనే మందలించి మరొక ఊరికి నడిచాడు.

కొన్నేళ్లు గడిచాయి. యెరూషలేములో స్తెఫనును రాళ్లతో కొట్టి చంపారు. శిష్యులు చెదిరిపోయారు. ఫిలిప్పు అనే ఆయన సమరయకు పోయి బోధించాడు. జనం గుంపులుగా చేరారు. కబురు యెరూషలేముకు వెళ్లింది. అక్కడి పెద్దలు సంగతి చూసిరమ్మని ఇద్దరిని పంపారు. ఒకరు పేతురు. రెండోవాడు ఆ యోహానే. ఒకనాడు నిప్పు అడిగినవాడు వచ్చి, సమరయుల తలలమీద చేతులుంచి ప్రార్థించి, తిరుగుదారిలో వాళ్ల ఊళ్లు అనేకం తిరిగి బోధించాడు.

ఇది చిన్న సంగతి కాదు. క్రైస్తవం యూదుల ఇంటి గడప దాటి వేసిన మొదటి అడుగు ఇదే. సమరయులు పూర్తిగా పరాయివాళ్లు కారు, పూర్తిగా సొంతవాళ్లూ కారు. వాళ్లను చేర్చుకుంటే యెరూషలేము ఆలయాన్ని ఒప్పుకోనివాడు గూడా మనవాడేనని ఒప్పుకున్నట్టు. ఆ గడప దాటిన తరువాతనే గ్రీకులూ రోమనులూ వచ్చే తలుపు తెరుచుకుంది.

అక్కడే సీమోను అనే గారడీవాడు ఉండేవాడు. చేతులుంచి వరమిచ్చే శక్తి నాకూ అమ్మండని డబ్బు తెచ్చాడు. పేతురు చీవాట్లు పెట్టాడు. డబ్బుపోసి మతపదవులు కొనడాన్ని ఇంగ్లీషులో నేటికీ సైమనీ అంటారు. తరువాతి శతాబ్దంలో అదే సీమ నుంచి జస్టిను అనే తత్త్వవేత్త వచ్చాడు. గెరిజీము పాదాన రోమనులు కట్టిన ఫ్లావియా నియాపొలిసులో పుట్టి, క్రైస్తవుడై, క్రీ.శ. 165 ప్రాంతాన రోములో ప్రాణమిచ్చాడు. ఆ నియాపొలిసే ఇప్పటి నాబ్లుసు.

పెద్దరికం వచ్చాక

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండును. కాని ముగియలేదు.

యేసుకు మరణశిక్ష వేసిన పిలాతు క్రీ.శ. 36లో గెరిజీముకు పోగైన సమరయుల గుంపును సైనికులతో నరికించాడు. సమరయులు పైఅధికారికి మొరపెట్టుకోగా పిలాతు పదవి పోయింది. ఇది అన్యమతపు రోముగదా అనుకుంటాము. మూడు వందల ఏళ్లు తిరిగేసరికి రోమే క్రైస్తవమైంది. దెబ్బలు తిన్న మతం రాజమతమైంది. అప్పుడు సమరయులకు మంచికాలం వచ్చిందా?

క్రీ.శ. 484లో సమరయులు తిరగబడి నియాపొలిసు చర్చి మీద పడ్డారు. చక్రవర్తి జీనో ఆ తిరుగుబాటును అణచి, వాళ్లను పవిత్రమైన కొండమీద నుంచి వెళ్లగొట్టి, అదే శిఖరం మీద మరియమ్మ పేర ఎనిమిది మూలల చర్చి కట్టించాడు. దాని పునాదులు నేటికీ ఉన్నాయి. 529లో మరింత పెద్ద తిరుగుబాటు లేచింది. చర్చీలు తగలబడ్డాయి, క్రైస్తవులు చచ్చారు. జస్టీనియను చక్రవర్తి దాన్ని రక్తంలో ముంచాడు. వేలకు వేలు చచ్చారు, బానిసలుగా అమ్ముడుపోయారు. వాళ్ల ప్రార్థనామందిరాలు కూల్చారు, వారసత్వపు హక్కులు తీసేశారు. ఆ దెబ్బ నుంచి సమరయులు మళ్లీ కోలుకోలేదు.

ఆ ఆదివారాల్లో గూడా చర్చీల్లో మంచి సమరయుని కథ చదువుతూనే ఉన్నారు. ఆ కాలపు వ్యాఖ్యాతలు కొందరు సమరయుడంటే క్రీస్తేననీ, సత్రమంటే సంఘమనీ, నూనె అంటే ఇదనీ, ద్రాక్షారసమంటే అదనీ చక్కని అన్వయాలు చెప్పారు. ఆ అన్వయంలో నిజమైన సమరయునికి చోటు లేకుండా పోయింది.

కొండమీద మిగిలినవాళ్లు

సమరయులు పూర్తిగా పోలేదు. 20వ శతాబ్దం మొదట్లో 150 మందికి లోపు మిగిలారు. ఇప్పుడు 800 పైచిలుకు ఉన్నారు. సగం మంది గెరిజీము మీద కిర్యత్ లూజా అనే ఊళ్లో, తక్కినవాళ్లు టెలవీవు పక్కన హోలోనులో ఉంటారు. ఏటా పస్కా సాయంత్రం అందరూ తెల్లబట్టలు కట్టి కొండమీద చేరతారు. గొర్రెలను బలి ఇచ్చి, గోతిపొయ్యిల్లో కాల్చి, తెల్లారకముందే కుటుంబాలతో కలిసి తిని, మిగిలింది కాల్చేస్తారు. పండుగ తిథులు గణించి చెప్పేది యాజకుల వంశం. ఆరునెలలకొక పంచాంగం వాళ్ల చేతుల మీదుగా అందుతుంది.

ఇది తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ల ఊళ్లలో దిశారి ముహూర్తం చెబితేగాని ఇటుకల పండుగ మొదలు కాదు. "అయితే వాళ్లూ మాలాంటివాళ్లే గదండీ" అన్నదొక పిల్ల.

సంగతి అక్కడితో ఆగలేదు. "కిందివాళ్లు మా చేతి నీళ్లు తాగరు మాస్టారూ, మేమే సమరయులం" అన్నాడు ముందు బెంచీ కుర్రవాడు. వెనక బెంచీ నుంచి మరొకడు లేచాడు. "మీరు మా చేతి నీళ్లు తాగుతున్నారేంట్రా?" అన్నాడు. ఇద్దరూ కొండపిల్లలే. పక్కపక్క ఊళ్లవాళ్లు. తరగతి చప్పున నిశ్శబ్దమయింది. ఆ నిమిషాన నాకు లూకా కథ మొదటిసారి పూర్తిగా అర్థమయిందని చెప్పాలి. సమరయుడు ఎక్కడో దూరదేశంలో ఉండడు. మన గ్రంథమే చదివి, మన పండుగే చేసి, మన గెడ్డ నీళ్లే తాగేవాణ్ణి పట్టుకుని మనం పెట్టుకునే పేరు అది. ఒకరికి సమరయుడైనవాడు మరొకరికి యూదుడు కావడానికి ఎంతోసేపు పట్టదు. రోము చరిత్రే సాక్ష్యం.

ఆ ఇద్దరికీ నేను ఏమీ నీతి చెప్పలేదు. చెప్పే అర్హత నాకున్నదా?

సంక్రాంతి సెలవుల్లో మళ్లీ ఆ ఊరు వెళ్లాను. ఈసారి పాటల కోసం కాదు. ముసలమ్మ గుమ్మంలో చోళ్లు చెరుగుతున్నది. నన్ను గుర్తుపట్టింది; మంచం వాల్చింది గాని నీళ్లు తేలేదు. కిందటిసారి జ్ఞాపకముంది కాబోలు. మనవడు గోడవైపు చూస్తున్నాడు.

"దాహంగా ఉన్నది, అమ్మా. కాసిన్ని నీళ్లిస్తావా?" అన్నాను.

ముసలమ్మ చేట పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"ఈసారి వేసిందా బాబూ, దాహం?" అని, నెమ్మదిగా లేచి లోపలికి వెళ్లింది.